బంతి దారి, బల్ల ఆకారము

నల్లగొండ పట్టణము నానుకొని యున్న పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయము కలదు. కందూరు చోడుల కాలపు కట్టడమది. మూడు గర్భగృహములు, వాని నడుమ ఒక్కటే మండపము. ఒక గర్భగృహమున లింగముపై పగలంతయు స్తంభాకారమైన నీడ యొకటి నిలిచియుండును. సూర్యుడు తూర్పు నుండి పడమటికి సాగినను ఆ నీడ మాత్రము చోటు వీడదు. చూడవచ్చిన వారిలో కొందరు దీనిని మహిమ యందురు. కొందరు శిల్పుల మాయ యందురు. రెండును ప్రశంసలే. కాని ఆ రెండు మాటలతోను ప్రశ్న ముగిసిపోవుచున్నది. ఎండ నేరుగా చొరని ఆ గదిలోనికి వెలుగు ఏ దారిన వచ్చుచున్నది, నీడ సూర్యుని వెంట ఏల పోదు అని అడుగువారు అరుదు.

అడిగినచో సమాధానము దుర్లభము కాదు. లోపలికి వచ్చునది సూర్యుని నుండి తిన్నగా దిగిన కిరణము కాదు. ఆకాశమునను, ఆవరణమునను, రాతిపైనను చెదరి, మండపపు స్తంభముల సందుల గుండ వచ్చు వెలుగు. సూర్యుడు కదలినను ఆ సందులు కదలవు, స్తంభములు కదలవు. కావున నీడయు కదలదు. అనగా వెలుగు నడచు దారిని అచ్చట నిర్ణయించుచున్నది కట్టడపు ఆకారమే.

ఆకారము దారిని నిర్ణయించును. ఈ చిన్న వాక్యము చుట్టును గణితశాస్త్రమున ఒక పెద్ద శాఖ పెరిగినది. దానికి బిలియర్డుల గణితమని పేరు. ఆ శాఖ పండితుల సభలలోనే యుండదగినది కాదు. దాని తొలి మెట్లు నల్లగొండ, మహబూబ్‌నగర్ మండలముల బడిపిల్లలకు అందదగినవి. అందుకు వలయు పరికరము సైతము వారి ఊళ్లలో ఇదివరకే యున్నది.

బిలియర్డు ఆట నిజమునకు దొరల ఆట. పాలమూరునకు 1890లో మహబూబ్‌నగరమను పేరు ఏ ప్రభువు పేరిట వచ్చినదో, ఆ ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను నివసించిన హైదరాబాదు ఫలక్‌నుమా ప్రాసాదములో బిలియర్డు గది యొకటి కలదు. ఆ బల్ల పల్లెలకు రాలేదు. పల్లెలకు వచ్చినది క్యారమ్ బోర్డు. గ్రంథాలయపు వరండాలో, వసతిగృహములో, యువజన సంఘపు గదిలో, వేసవి సెలవులలో వేపచెట్టు నీడను, ఎక్కడ చూచినను నలుగురు పిల్లలు దాని చుట్టును చేరియుందురు. పౌడరు చల్లి, స్ట్రైకరును గురిచూచి, ఎదుటి చట్రమునకు కొట్టి, వెనుకకు మరలివచ్చునప్పుడు కాయిన్‌ను గుంటలో వేయు పిల్లవాడు పాఠ్యపుస్తకమున చదువుకొను సూత్రమునే వ్రేలితో ఆచరించుచున్నాడు. ఏ కోణమున వచ్చి తాకినదో ఆ కోణముననే మరలును. పతనకోణము పరావర్తనకోణమునకు సమానము. అద్దముపై వెలుగునకును, చట్రముపై కాయిన్‌కును సూత్ర మొక్కటే.

అయితే భౌతికశాస్త్రపు గంటలో ఆ సూత్రమును వల్లించిన పిల్లవాడే సాయంత్రము ఆటలో దానిని వాడుచు, రెండును ఒక్కటే యని ఎరుగక పోవుచున్నాడు. ఎరుక చేయుటకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. దక్షిణ తెలంగాణపు ఇండ్లలో, బడులలో చతురస్రముగా కోసిన షాబాదు బండలు పరచిన నేల సామాన్యము. ఒక్కొక్క బండను ఒక్కొక్క క్యారమ్ బోర్డుగా భావింపవలెను. బంతి గోడను తాకి వెనుకకు మరలినదనుటకు బదులు, గోడనే అద్దముగా తలచి, బంతి ఆవలి బండలోనికి తిన్నగా పోయినదని అనుకొనవలెను. అప్పుడు ఒక బోర్డులో ముక్కలు ముక్కలుగా విరిగిన దారి, పరచిన బండలపై ఒక్కటే సరళరేఖ యగును. సుద్ద రాసిన దారమొకటి బిగలాగి నేలపై విడిచినచో ఆ రేఖ పడును. ఏ బండలో ఏ ముక్క పడినదో చూచి, వానిని అద్దపు బింబములుగా మడచుచు ఒకే బండపైకి తెచ్చినచో బంతి నడచిన దారి మరల కనబడును. చిక్కుముడిని విప్పి తిన్నని దారముగా చేయు ఈ ఉపాయము గణితమున ఎంతో లోతైన ఫలితములకు మూలమైనది.

ఒక ఉదాహరణము. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల బల్లపై ఒక మూల నుండి సరిగా 45 డిగ్రీల కోణమున బంతిని కొట్టినారనుకొందము. అది ఎన్నిసార్లు గోడకు తగిలి, ఏ మూల చేరును? గీసి చూచినచో మూడుసార్లు తగిలి, బయలుదేరిన మూలకు వెడల్పు వైపున నున్న పక్క మూలను చేరును. గీయకయే చెప్పవచ్చును. 4, 6ల గ.సా.భా. 2. దానితో రెండు భుజములను భాగించినచో 2, 3 వచ్చును. ఆ రెంటిని కూడి అందు నుండి 2 తీసివేసిన మిగులునది 3. క.సా.గు. అయిన 12 అడుగులు అడ్డముగను, అంతియే నిలువుగను సాగిన పిమ్మట రేఖ తొలిసారి బండల మూలను తాకుచున్నది. అందుచేతనే ఈ లెక్క. క.సా.గు., గ.సా.భా.లు పరీక్షకు తప్ప దేనికిని పనికిరావని తలచిన విద్యార్థికి, అవి బంతి గమ్యమును ముందే చెప్పుచున్నవని తెలిసిన క్షణమున కలుగు సంతోషము సామాన్యమైనది కాదు.

కోణము మార్చినచో కథ మారును. చతురస్రపు బల్లపై, అడ్డముగా నడచిన దూరమునకును నిలువుగా నడచిన దూరమునకును గల నిష్పత్తి భిన్నముగా వ్రాయదగిన దైనచో, బంతి ఎన్నడో ఒకనాడు తన పాత దారినే తిరిగి పట్టును, లేదా మూలను చేరును. ఆ నిష్పత్తి చతురస్రపు భుజమునకును కర్ణమునకును గల నిష్పత్తి వంటి కరణీయ సంఖ్య యైనచో ఆ దారి ఎన్నటికిని పునరావృత్తము కాదు. బల్లపై ఏ చుక్క పెట్టినను దాని సమీపమునకు వచ్చుచునే యుండును. అంతియే కాక, కాలము గడచిన కొలది బల్లలో ప్రతి భాగమునకు దాని వైశాల్యమునకు తగినంత సమయము పంచి యిచ్చును. కరణీయ సంఖ్య లనునవి ఎందులకు కనిపెట్టిరని విసుగుకొను పిల్లవానికి ఇంతకంటె మంచి జవాబు దొరకదు.

ఇంతవరకు బల్ల చతురస్రమో, దీర్ఘచతురస్రమో అయియున్నది. దాని ఆకారమును మార్చినచో ఏమగును? వృత్తాకారమైన బల్లపై బంతి తాకిన ప్రతిసారియు అదే కోణమున తాకును. కేంద్రము మీదుగా పోని దారి ఎంత కాలము సాగినను నడుమ నొక వృత్తమును విడిచియే తిరుగును. అందులో ఎన్నడును అడుగు పెట్టదు. పాలమూరునకు పడమట, కర్ణాటకమున విజాపురములో 1656లో ముగిసిన గోల్ గుంబజులో గోడకు చేరువగా గుసగుసలాడిన మాట ఆవలి వైపున నున్నవారికి వినబడుటకు ఇటువంటి దారులే కారణము. ధ్వని వంపు గోడను అంటిపెట్టుకొని చిన్న చిన్న అడుగులతో చుట్టి వచ్చుచున్నది.

రెండు మేకులు పాతి, వదులుగా నొక దారపు కుచ్చు చుట్టి, సుద్దముక్కతో బిగలాగుచు త్రిప్పినచో దీర్ఘవృత్తము ఏర్పడును. మేకులున్న చోట్లు దాని నాభులు. ఒక నాభి నుండి ఏ దిక్కునకు కొట్టినను బంతి గోడను తాకి రెండవ నాభి గుండ పోవలసినదే. నాభుల నడుమ దూరని బంతి ఎన్నటికిని నడుమ దూరదు. ఒకసారి దూరినది ప్రతిసారియు దూరుచునే యుండును. పరుగు పందెపు బాటవలె, రెండు అర్ధవృత్తముల నడుమ సరళరేఖలు చేర్చిన బల్లపై మాత్రము క్రమమంతయు చెడిపోవును. వృత్తమును రెండుగా చీల్చి నడుమ వెంట్రుకవాసి సరళభాగమును చేర్చినను చాలును. దాదాపు ప్రతి దారియు బల్లనంతటిని చుట్టబెట్టును. ఇంచుమించు ఒకే చోట నుండి, ఒకే దిక్కున బయలుదేరిన రెండు బంతులు కొలది దెబ్బలలోనే పరస్పర సంబంధము లేని దారులు పట్టును. దీనిని 1970వ దశకమున నిరూపించినవాడు రష్యా గణితవేత్త బునిమోవిచ్. అంతకు ముందే, 1970లో, అతని గురువు సినాయి నడుమ గుండ్రని అడ్డంకి గల బల్లపై ఇటువంటి అస్తవ్యస్తతను చూపెను. గాలిలోని అణువులు ఒండొంటిని తాకుచు తిరుగు తీరును గ్రహించుటకు ఈ పరిశోధన తోడ్పడినది. సినాయికి 2014లో ఆబెల్ బహుమానము లభించెను. ఆట బల్లపై లెక్కలేల యను వారికి ఇది యొక జవాబు.

ఇంతకంటె ఆశ్చర్యకరమైనది త్రిభుజపు బల్ల. మూడు కోణములును లఘుకోణములైన త్రిభుజములో ప్రతి శీర్షము నుండి ఎదుటి భుజమునకు లంబము గీచి, ఆ మూడు లంబపాదములను కలిపినచో చిన్న త్రిభుజ మొకటి ఏర్పడును. ఆ దారిన కొట్టిన బంతి ఎప్పటికిని ఆ దారిననే తిరుగును. ఇది ఇటలీవాడైన ఫగ్నానో 1775 నాటికే కనుగొన్న విషయము. కోణములన్నియు డిగ్రీలలో పూర్ణాంకములుగనో, భిన్నములుగనో వ్రాయదగిన త్రిభుజములలోనెల్ల అట్టి పునరావృత్త మార్గములు గలవని 1986లో మజూర్ నిరూపించెను. మరి అధికకోణము గల త్రిభుజమేదైన నేమి, అందును బంతి బయలుదేరిన చోటికే, బయలుదేరిన దిక్కుననే తిరిగి వచ్చు దారి యొకటి తప్పక ఉండునా? పెద్దకోణము 100 డిగ్రీలు మించనంత వరకు ఉండునని అమెరికా గణితవేత్త రిచర్డు ష్వార్ట్జ్ యంత్రగణకపు సాయముతో చూపెను. అన్ని అధికకోణ త్రిభుజములకును వర్తించు సమాధానము ఇంతవరకును లోకమున ఎవరికిని దొరకలేదు.

ఈ సంగతి నిలిచి ఆలోచింపదగినది. పదవ తరగతి విద్యార్థికి ప్రశ్న పూర్తిగా అర్థమగును. సమాధానము ప్రపంచమున ఏ ఆచార్యునికిని తెలియదు. గణితమనగా ఎవరో ఎన్నడో ముగించి, పుస్తకమున అచ్చువేసి, వెనుక పుటలలో జవాబులిచ్చిన విద్య యను భావము పల్లెబడులలో గాఢముగా నాటుకొని యున్నది. ఆ భావమే భయమునకు తల్లి. జవాబు ఉన్నదనియు, అది తనకు మాత్రమే తెలియదనియు తలచువాడు భయపడును. జవాబు ఎవరికిని తెలియదని తెలిసినవాడు భయపడడు, వెదకును.

దర్పణముల గదిని గూర్చిన ప్రశ్నయు ఇట్టిదే. గోడలన్నియు అద్దములైన బహుభుజాకారపు గదిలో ఒక్క దీపము పెట్టినచో గది యంతయు వెలుగునా? గత శతాబ్ది నడుమ ఈ ప్రశ్న పుట్టెను. వంపు గోడలు గల గదిలో దీపమెచ్చట పెట్టినను కొన్ని భాగములు చీకటిగనే యుండవచ్చునని 1958లో పెన్‌రోజ్ చూపెను. గోడలన్నియు తిన్ననివైన గది కూడ పూర్తిగా వెలుగకపోవచ్చునని, 26 గోడల గదిని గీచి, 1995లో టొకార్‌స్కీ చూపెను. దీప మొక చోట పెట్టినచో మరియొక చోట ఒక్క బిందువు చీకటిగా మిగులుచున్నది. కోణములు భిన్నములుగా వ్రాయదగిన గదులలో చీకటి బిందువులు మిగిలినను అవి లెక్కపెట్టదగినన్నియే యని 2016లో లెలియేవ్ర్, మోంటెయ్, వైస్ అను మువ్వురు నిరూపించిరి. వారికి ఆధారమైనవి ఎస్కిన్, మీర్జాఖానీ, మొహమ్మదీల సిద్ధాంతములు. మర్యం మీర్జాఖానీ ఇరాను దేశపు గణితవేత్త్రి. 2014లో ఫీల్డ్స్ పతకము పొందిన తొలి మహిళ. 2017లో చిన్నవయసుననే మరణించినది.

ఆమె సిద్ధాంతమునకు వెనుక నున్న ఆలోచనల వరుసలో తెలుగునేలకు సంబంధించిన పేరొకటి కలదు. 1941లో అనంతపురమున జన్మించి, బొంబాయి టాటా పరిశోధన సంస్థలో చిరకాలము కృషి చేసిన ఎం. ఎస్. రఘునాథన్ 1970వ దశకమున ఒక ఊహను ప్రతిపాదించెను. సమరూపత గల కొన్ని అవకాశములలో బిందువు నడచు దారి ఎంత చిక్కుగా తోచినను, చిట్టచివరకు అది నింపునది క్రమమైన ఆకారమునే యని ఆ ఊహ సారాంశము. దానిని 1990 ప్రాంతమున మరీనా రాట్నర్ నిరూపించెను. ఎస్కిన్, మీర్జాఖానీల సిద్ధాంతము ఆ తత్త్వమునే బిలియర్డుల లోకమునకు చేర్చినది. 2010 ఆగస్టులో అంతర్జాతీయ గణితవేత్తల మహాసభ హైదరాబాదులో జరిగినప్పుడు నిర్వాహక సంఘమునకు అధ్యక్షుడు రఘునాథనే. ఆహ్వానిత ఉపన్యాసకుల పట్టికలో మీర్జాఖానీ పేరు కలదు. నల్లగొండకును, మహబూబ్‌నగరునకును అది ఇంచుమించు నూరు కిలోమీటర్ల దూరము. ఆ దూరము బస్సులో రెండుమూడు గంటలు. సభాభవనము నుండి ఊరిబడి నల్లబల్ల వరకు విద్య ప్రయాణించుటకు మాత్రము తరములు పట్టుచున్నది. ఈ దూరమును తగ్గించుటయే చేయవలసిన పని.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. పాఠ్యప్రణాళిక ముగించుటకే దినములు చాలవని ఉపాధ్యాయులందురు. కాని పైన చెప్పినవన్నియు ప్రణాళికలో ఉన్నవే. క.సా.గు. ఒక తరగతిలో, కరణీయ సంఖ్యలు మరియొక తరగతిలో, పరావర్తనము భౌతికశాస్త్రములో, త్రిభుజపు లంబములు రేఖాగణితములో విడివిడిగా పడియున్నవి. విడిపోయిన ఆ పాఠములను ఒక చోట చేర్చునది బోర్డు. అందుకు సంవత్సరమున నాలుగైదు గంటలు చాలును.

క్యారమ్ సోమరుల ఆట యని పెద్దలు కొందరు కసరుదురు. ఆటలో పందెము చేరిన చోట ఆ మాట నిజము కావచ్చును. లెక్క చేరిన చోట కాదు.

నిజమైన బోర్డుపై సూత్రము సరిగా నడవదని మరికొందరు వాదింతురు. ఈ ఆక్షేపణ బలమైనదే. స్ట్రైకరు బిందువు కాదు, గుండ్రని బిళ్ల. దాని అడ్డుకొలత 4.13 సెంటీమీటర్ల వరకు ఉండవచ్చును; కావున దాని నడిబిందువు చట్రమునకు సుమారు రెండు సెంటీమీటర్ల దూరముననే వెనుదిరుగును. 74 సెంటీమీటర్ల బోర్డు ఆ నడిబిందువు దృష్టిలో 70 సెంటీమీటర్ల బోర్డే. రాపిడి వలన వేగము తగ్గును. బిళ్ల తిరుగుడు వలన కోణము మారును. అయితే ఏమి? సూత్రము చెప్పిన చోటికిని, స్ట్రైకరు పోయిన చోటికిని గల తేడాను కొలిచి, దానికి కారణము వెదకుటయే విజ్ఞానము. తేడా కనబడని ప్రయోగము కంటె తేడా కనబడిన ప్రయోగమే పిల్లవానికి ఎక్కువ నేర్పును.

కావలసిన సామగ్రి స్వల్పము. ఉన్నత పాఠశాల కొక బోర్డు, ఊరి వడ్రంగి చేసియిచ్చు త్రిభుజపు చట్రమొకటి, దాని ఒక కోణమైనను 90 డిగ్రీలు మించవలెను, రెండు మేకులు, ఒక దారము, సుద్ద, కొన్ని గోటీలు. పిల్లలు కొట్టి, గుర్తుపెట్టి, నోటుపుస్తకమున గీయవలెను. ఒక్క నియమము మాత్రము తప్పరాదు: దీనికి మార్కులు పెట్టరాదు. మార్కులు పెట్టిన నాడు ఇదియు మరియొక పరీక్ష యగును. ఆట పోవును, ప్రశ్నయు పోవును.

ఈ నేలకు కొలత క్రొత్త కాదు. నల్లగొండ గడ్డపై నాగార్జునసాగరమునకు 1955లో పునాదిరాయి పడినది. దేశమున ఎన్నో కట్టల మీద, కాలువలలో పాలమూరు కూలీలు మట్టిని త్రవ్వి, మోసి, మట్టము చూచి, వాలు చూచి పనిచేసిరి. నీరు ఏ వాలున ఎటు పోవునో వారి కండ్లకు తెలియును. ఆ కండ్ల వారసులైన పిల్లలకు గణితము అందని పండు అనుట అన్యాయము. వారి చేతికి ఇదివరకే తెలిసినదానిని వారి బుద్ధికి ఎరుక చేయుట ఒక్కటే బడి చేయవలసినది. అధికకోణ త్రిభుజపు ప్రశ్నకు సమాధానము ఏ ఊరి నుండి వచ్చునో ముందుగా చెప్పగలవా రెవరును లేరు. ఆ ప్రశ్నను వినియే యుండని ఊరి నుండి మాత్రము అది రాదు.